డాలస్ కౌబాయ్స్ ఆఫెన్స్ 2025: ఫాంటసీ డ్రాఫ్ట్‌లో ఎవర్ని ఎన్నో రౌండ్‌లో తీసుకోవాలి?

ఫ్రిస్కో_కుర్రోడు

అందరికీ నమస్కారం. ఇది 2025 ఆగస్టు. వచ్చే శనివారం సాయంత్రం మా ఫాంటసీ లీగ్ డ్రాఫ్ట్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకుని, నిజం మ్యాచుల్లో వాళ్ల ఆటకి వచ్చే పాయింట్లతో పోటీపడతాం. ఇర్వింగ్‌లో మా బావ వాళ్లింట్లో పన్నెండు మందిమీ ఒకే హాల్లో కూర్చుని చేస్తాం. ఫుల్ పీపీఆర్ లీగ్, అంటే పట్టిన ప్రతి క్యాచ్‌కీ ఒక పాయింట్ వస్తుంది. నాకు ఆరో పిక్ (ఎంచుకునే వంతు) పడింది. ఒక రౌండ్ ఇటు నుంచి, తర్వాతి రౌండ్ అటు నుంచి వస్తుంది కాబట్టి ఆ తర్వాత నా వంతు 19కి, 30కి, 43కి.

నేను పదేళ్లుగా ఫ్రిస్కోలో ఉంటున్నా. ఇక్కడి ఎన్ఎఫ్ఎల్ టీమ్ కౌబాయ్స్ ఆఫీసు, ప్రాక్టీస్ మైదానం ఉన్న 'ద స్టార్' మా ఇంటి నుంచి పది నిమిషాలు. మావాడికి ఏడేళ్లు. వాళ్ల రిసీవర్ (పాస్ పట్టేవాడు) సీడీ ల్యాంబ్ 88 నంబర్ జెర్సీ వేసుకుంటే ఇక విప్పడు, ఉతకాలంటే వాడు నిద్రపోయాక మెల్లగా చేతులు లాగి తీయాల్సిందే. అందుకని ఈసారి ల్యాంబ్‌ని ఎలాగైనా తీసుకోవాలని ఉంది. అక్కడితో ఆగకుండా 43కి ఇంకో రిసీవర్ జార్జ్ పికెన్స్‌ని, తొమ్మిదో రౌండ్‌లో క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేసేవాడు) డాక్ ప్రెస్‌కాట్‌ని కూడా తీసుకుంటే ఎలా ఉంటుందా అని రెండు వారాలుగా ఆలోచిస్తున్నా. బావ మాత్రం పోయిన ఏడాది 7 గెలిచి 10 ఓడిన టీమ్ నుంచి ముగ్గుర్ని పెట్టుకుంటావా, అభిమానం వేరు ఆట వేరు అంటున్నాడు.

నిజంగా ఈ ఆఫెన్స్ (బంతిని ముందుకి తీసుకెళ్లి స్కోర్ చేసేవాళ్లు) మీద అంత నమ్మకం పెట్టుకోవచ్చా? కోచ్ మారాడు, ముందు వరసలో గార్డ్ జాక్ మార్టిన్ రిటైర్ అయ్యాడు, రన్నింగ్ బ్యాక్‌లందరూ (బంతి పట్టుకుని పరుగెత్తేవాళ్లు) కొత్తవాళ్లే. ఆటని దగ్గరగా చూసేవాళ్లు చెప్పండి.

గార్లండ్_గుంటూరు

తమ్ముడూ, ముందు ల్యాంబ్ సంగతి తేల్చేద్దాం, మిగతాదంతా దాని మీదే ఉంది. ఆరో పిక్‌కి అతను మిగిలుంటే ఇంకేం ఆలోచించకుండా తీసుకో.

2023లో 135 క్యాచ్‌లు, 1,749 యార్డులు, 12 టచ్‌డౌన్‌లు (బంతితో మైదానం చివరి గీత దాటడం). బంతి పట్టుకుని పరుగెత్తి చేసిన రెండు టచ్‌డౌన్‌లు కూడా కలిపితే పీపీఆర్‌లో 400 పాయింట్లు దాటాడు. 2024కి వచ్చేసరికి 101 క్యాచ్‌లు, 1,194 యార్డులు, 6 టచ్‌డౌన్‌లు. ఈ రెండో లెక్క చూసి కొందరు వెనకాడుతున్నారు గానీ ఆ ఏడాది ఏం జరిగిందో వరసగా గుర్తు చేసుకోండి. కాంట్రాక్ట్ తేలలేదని సీజన్ ముందు జరిగే శిక్షణ క్యాంప్‌కే రాలేదు. ఆగస్టు 26న నాలుగేళ్లకి 136 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్ కుదిరింది, అక్కడికి పదమూడు రోజులకి మొదటి మ్యాచ్. తర్వాత భుజానికి దెబ్బ. నవంబర్ 3న అట్లాంటాలో డాక్‌కి తొడ వెనక కండరం తెగి, ఆపరేషన్ అయి, సీజన్ అక్కడితో అయిపోయింది. మిగిలిన మ్యాచుల్లో ల్యాంబ్‌కి బంతి వేసింది రెండో క్వార్టర్‌బ్యాక్ కూపర్ రష్. ఇన్ని అడ్డంకుల్లో కూడా 15 మ్యాచులాడి మ్యాచ్‌కి 17 పాయింట్లు పైనే తెచ్చాడు. నేనైతే దాన్ని పడిపోవడం అనను, అతనికి అంతకన్నా తగ్గడం కష్టం అంటాను.

ఆ వారం తర్వాత, నవంబర్ 10న, ఈగల్స్‌తో మ్యాచ్‌కి కౌబాయ్స్ స్టేడియం ఉన్న ఆర్లింగ్టన్ వెళ్లా. ఆ స్టేడియానికి పడమటి వైపు పెద్ద అద్దాలు. సాయంత్రం ఎండ వాటిలోంచి ఏటవాలుగా మైదానం మీద పడుతోంది. ఎండ్ జోన్‌లో (ఆ చివరి గీత అవతల) ల్యాంబ్ ఖాళీగా ఉన్నాడు, చుట్టుపక్కల ఎవరూ లేరు, బంతి అటే వెళ్లింది. అతనికి మాత్రం అది ఎక్కడుందో తెలియలేదు, తడబడ్డాడు, బంతి పక్కనుంచి పోయింది. మా వరసలో వాళ్లందరూ లేచి నిలబడి అలాగే ఉండిపోయాం. ఎండకి బంతే కనపడలేదని మ్యాచ్ అయ్యాక అతనే చెప్పాడు. పోయిన ఏడాది మొత్తం అలా గడిచింది.

ఈసారి మొదటి రోజు నుంచీ ఆక్స్‌నార్డ్ క్యాంప్‌లో ఉన్నాడు. డాక్ తిరిగొచ్చాడు. అవతల పికెన్స్ ఉన్నాడు కాబట్టి ఇద్దరు డిఫెండర్లు ఎప్పుడూ ల్యాంబ్ మీదే ఉండటం కుదరదు. టార్గెట్లు (అతని వైపు వేసే పాస్‌లు) కాస్త తగ్గొచ్చేమో, వచ్చిన ప్రతి బంతికీ చోటు మాత్రం పెరుగుతుంది.

కొత్తగా_చేరా

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా ఆఫీసు లీగ్‌లో ఈ ఏడాదే చేరా. డ్రీమ్ 11 ఆడిన అలవాటుంది. ముగ్గుర్ని ఒకే టీమ్ నుంచి తీసుకోవడం గురించి ఎందుకింత చర్చో అర్థం కాలేదు. బాగా ఆడేవాళ్లు ముగ్గురూ అక్కడే ఉంటే తీసుకోవచ్చు కదా?

గార్లండ్_గుంటూరు

అమ్మా, మంచి ప్రశ్నే. డ్రీమ్ 11లో అందరూ కోహ్లిని పెట్టుకోవచ్చు. ఇక్కడ అలా కాదు, ఐపీఎల్ వేలంలా ఒక ఆటగాడు లీగ్ మొత్తంలో ఒక్కరికే. పైగా ఒక్క మ్యాచ్ కాదు, సెప్టెంబర్ నుంచి డిసెంబర్ చివరిదాకా మీ టీమ్ మీదే. కాబట్టి ఆటగాడు బాగున్నాడా అనేది సగం ప్రశ్న, అతన్ని ఏ పిక్‌కి తీసుకుంటున్నాం, ఆ పిక్‌లో ఇంకెవర్ని వదులుకుంటున్నాం అన్నది మిగతా సగం. క్వార్టర్‌బ్యాక్, అతని రిసీవర్ ఇద్దరూ మీ దగ్గరే ఉంటే ఒకే టచ్‌డౌన్‌కి వేసినవాడికి 4, పట్టినవాడికి 6, రెండు వైపులా పాయింట్లొస్తాయి. ఆ టీమ్ ఆడని రోజు రెండు వైపులా పోతాయి కూడా.

స్టీల్_సిటీ_తెలుగు

పికెన్స్ గురించి నేను చెప్తా, మూడేళ్లు మా ఊరి టీమ్ పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌కే ఆడాడు కదా. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వర స్వామి గుడికి దగ్గర్లోనే మా ఇల్లు. ఆదివారం పొద్దున దర్శనం, మధ్యాహ్నం స్టీలర్స్ మ్యాచ్, అదే మా వారం.

2022 సెప్టెంబర్‌లో గురువారం రాత్రి క్లీవ్‌లాండ్‌లో పట్టిన క్యాచ్ చూడనివాళ్లు ఒకసారి వెతికి చూడండి. ఒళ్లంతా గాల్లో నేలకి సమాంతరంగా ఉంది, ఒక్క కుడిచెయ్యి వెనక్కి చాపాడు, బంతి వేళ్లకి అతుక్కున్నట్టు ఆగిపోయింది. అప్పటికి అతను లీగ్‌లోకి వచ్చి మూడు మ్యాచులే. ఆ ప్రతిభ గురించి మా ఊళ్లో ఎవరికీ అనుమానం లేదు. 2023లో 63 క్యాచ్‌లకే 1,140 యార్డులు తెచ్చాడు, అంటే క్యాచ్‌కి 18 యార్డులు పైన, లీగ్‌లో అందరికన్నా ఎక్కువ. పోయిన ఏడాది 14 మ్యాచుల్లో 59 క్యాచ్‌లు, 900 యార్డులు, 3 టచ్‌డౌన్‌లు.

ఇందులో చూడాల్సింది ఇంకోటి ఉంది. మూడేళ్లలో అతనికి బంతి వేసినవాళ్లు ఎంతమందో లెక్కపెట్టండి: ట్రుబిస్కీ, పికెట్, రుడాల్ఫ్, ఫీల్డ్స్, రసెల్ విల్సన్. అయిదుగురు. ఒక్కరితో కూడా పూర్తిగా ఒక సీజన్ కుదరలేదు. ఇప్పుడు 2023లో 4,516 యార్డులు, లీగ్‌లోనే ఎక్కువగా 36 టచ్‌డౌన్ పాస్‌లు వేసినవాడి దగ్గరికి వెళ్లాడు. పైగా రూకీ (లీగ్‌లోకి కొత్తగా వచ్చినప్పటి) కాంట్రాక్ట్‌లో ఇదే చివరి ఏడాది, బాగా ఆడితే వచ్చే మార్చిలో పెద్ద డబ్బు. కోపం ఎక్కువ, నిజమే, బంతి రాని రోజు మొహంలో తెలిసిపోతుంది. అయినా నా మాట విని 43కి తీసుకో. నేను స్టీలర్స్ అభిమానిని, అతను వెళ్లిపోయినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది, అలాంటి నేనే చెప్తున్నా.

వైవర్_వైర్

ఇక్కడ అందరూ పాస్‌ల గురించే మాట్లాడుతున్నారు. ఒకసారి కోచ్ వైపు చూడండి. బ్రయన్ షాటెన్‌హైమర్ రెండేళ్లుగా డాలస్‌లోనే ఆఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా ఉన్నా ప్లేలు పిలిచింది, అంటే ఏ ఎత్తు ఆడాలో చెప్పింది, అప్పటి హెడ్ కోచ్ మెకార్తీ. ఇప్పుడు హెడ్ కోచ్ అయ్యాక ప్లేలు ఆయనే పిలుస్తాడు. సియాటిల్‌లో ఆయన పద్ధతి చూసినవాళ్లకి గుర్తుంటుంది. 2018లో ఆ టీమ్ పరుగు ఆటలో లీగ్‌లోనే మొదటి స్థానం, క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ ఏడాది మొత్తం మీద 427 పాస్‌లే వేశాడు. ఇప్పుడు కోఆర్డినేటర్‌గా తెచ్చుకున్న క్లేటన్ ఆడమ్స్ ఎవరు? అరిజోనాలో ఆఫెన్సివ్ లైన్ (ఎదుటివాళ్లని అడ్డుకునే ముందు వరస) కోచ్. ఈ ఏడాది ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో 12వ పిక్‌తో తీసుకున్న టైలర్ బుకర్ ఎవరు? గార్డ్, ఎదుటివాణ్ణి పక్కకి తోసి దారి చేసే మనిషి. ఇవన్నీ చూస్తుంటే ఈ టీమ్ బంతి పట్టుకుని పరుగెత్తాలనుకుంటోందనే నాకనిపిస్తోంది.

మరి పరుగెత్తేది ఎవరు? రికో డౌడల్ పోయిన ఏడాది 1,079 యార్డులు చేసి కరోలినా వెళ్లిపోయాడు. అంత పరుగెత్తినా అతనికి పరుగు టచ్‌డౌన్‌లు వచ్చింది రెండే, అది కూడా గుర్తుపెట్టుకోండి. వచ్చినవాళ్లు డెన్వర్ నుంచి జావాంటే విలియమ్స్, కరోలినా నుంచి మైల్స్ సాండర్స్, టెక్సస్ యూనివర్సిటీ నుంచి అయిదో రౌండ్ రూకీ జేడన్ బ్లూ. అందరూ బ్లూ పేరు జపిస్తున్నారు, వేగం ఉంది కాబట్టి. నా ఓటు జావాంటేకి. 2022లో మోకాలి లిగమెంట్లు తెగకముందు, 2021లో రూకీగా 903 యార్డులు చేశాడు. పోయిన ఏడాది 513 యార్డులే, పరుగులో పాత పదును కనపడలేదు, ఒప్పుకుంటా. కానీ 52 క్యాచ్‌లు పట్టాడు. మన లీగ్‌లో అది 52 పాయింట్లు, ఊరికే వచ్చినట్టు. అన్నిటికన్నా ముఖ్యం, క్వార్టర్‌బ్యాక్ మీదికి వచ్చేవాణ్ణి ఎదురెళ్లి ఆపడం అతనికి బాగా వచ్చు. 240 మిలియన్ల డాక్ అప్పుడే ఆపరేషన్ నుంచి కోలుకుని వస్తుంటే, ఆ పని నేర్చుకుంటున్న రూకీని ఏ కోచ్ అయినా మూడో డౌన్‌లో (ఎక్కువగా పాస్ వేసే మూడో ప్రయత్నంలో) నిలబెడతాడా? ఎనిమిదో రౌండ్ దాటాక జావాంటే మిగిలుంటే తీసేసుకోండి. బ్లూని చివర్లో, బెంచ్ మీద చోటుంటే.

లైన్ గురించి మాత్రం నాకు టెన్షన్ ఉంది. పదకొండు సీజన్లు కుడి గార్డ్‌గా నిలబడ్డ మార్టిన్ లేడు, ఆ చోటు రూకీది. అదే లైన్‌లో ఎడమ చివర నిలబడే ట్యాకిల్ గయ్‌టన్ క్యాంప్‌లో మోకాలి దెబ్బతో బయటికెళ్లాడు. మొదటి వారానికి వస్తాడో రాడో డ్రాఫ్ట్ రోజు పొద్దున ఒకసారి చూసుకో.

గార్లండ్_గుంటూరు

సియాటిల్ ఉదాహరణ బాగుంది గానీ 2018 దగ్గరే ఆగిపోయావు. అదే షాటెన్‌హైమర్, అదే సియాటిల్, 2020: విల్సన్ 40 టచ్‌డౌన్‌లు వేశాడు. మెట్‌కాఫ్ 83 క్యాచ్‌లకి 1,303 యార్డులు, లాకెట్ సరిగ్గా 100 క్యాచ్‌లకి 1,054 యార్డులు, ఇద్దరికీ పదేసి టచ్‌డౌన్‌లు. అంటే చేతిలో ఇద్దరు మంచి రిసీవర్లుంటే ఆయన ఇద్దరినీ మేపగలడు. ల్యాంబ్, పికెన్స్ జతని తల్చుకుంటే నాకు ఆ ఏడాదే గుర్తొస్తుంది.

ఇంకో సంగతి. మన మైకా పార్సన్స్ ఆగస్టు ఒకటిన ట్రేడ్ అడిగాడు (వేరే టీమ్‌కి పంపేయమని), నేను ఇది రాసేనాటికి తేలలేదు. అతను డిఫెన్స్ కదా మనకెందుకు అనుకోవద్దు. అతను లేకపోతే అవతలి టీమ్ ఎక్కువ స్కోర్ చేస్తుంది, మనవాళ్లు వెనకబడతారు, వెనకబడ్డ టీమ్ పరుగు ఆట పక్కనపెట్టి పాస్‌లు వేయక తప్పదు. కౌబాయ్స్ గెలవాలని కోరుకునేవాడిగా ఇలా రాయడం నాకు ఇష్టం లేదు, కానీ ఫాంటసీ పాయింట్లు ఓడే మ్యాచుల్లో కూడా వస్తాయి, ఒక్కోసారి వాటిలోనే ఎక్కువొస్తాయి.

ప్లేనో_పద్మ

నేను పోయిన ఏడాది ఈ ప్రయోగం చేసి చూశా, అందుకే రాస్తున్నా. ల్యాంబ్, డాక్, టైట్ ఎండ్ (లైన్ పక్కన నిలబడి పాస్‌లు కూడా పట్టేవాడు) ఫెర్గసన్, ముగ్గురూ నా టీమ్‌లోనే. 2023 చూసిన ఊపులో డాక్‌ని ఆరో రౌండ్‌లోనే తీసేసుకున్నా, బెంచ్ మీద రెండో క్వార్టర్‌బ్యాక్‌ని కూడా ఉంచుకోలేదు. అట్లాంటా మ్యాచ్ రోజు మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. ప్రసాదం పంచుతూ మధ్యలో ఫోన్ చూస్తే డాక్ పేరు పక్కన ఎర్ర గుర్తు. ఆ ఒక్క దెబ్బకి ముగ్గురి పాయింట్లూ పడిపోయాయి. ఫెర్గసన్ ఏడాది మొత్తం 59 క్యాచ్‌లు పట్టి ఒక్క టచ్‌డౌన్ చేయలేదు, అంతకు ముందు ఏడాది 71 క్యాచ్‌లు, 5 టచ్‌డౌన్‌లు చేసినవాడు. తప్పు డాక్‌ది కాదు, గాయం ఎవరి చేతిలోనూ ఉండదు. రెండో దారి లేకుండా టీమ్ కట్టుకోవడం నేను చేసిన పొరపాటు.

కాబట్టి తమ్ముడూ, ముగ్గుర్నీ తీసుకో, వద్దనను. కానీ కొన్ని చూసుకో. డాక్‌కి ఇప్పుడు 32, కాళ్లతో పెద్దగా పాయింట్లు తేడు. జోష్ అలెన్, లమార్ జాక్సన్ పరుగుతో తెచ్చే పాయింట్లు ఇతను పాస్‌లతోనే తేవాలి. అందుకే ఆలస్యంగా దొరుకుతాడు, అంత ఆలస్యంగా దొరికితేనే లాభం. తొమ్మిదో రౌండ్‌కి ముందు అతని వైపు చూడకు. ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ని పన్నెండో రౌండ్‌లోనైనా సరే పెట్టుకో. కౌబాయ్స్ బై వీక్ (మ్యాచ్ లేని వారం) పదో వారం, ఆ వారం ముగ్గురూ ఒకేసారి ఉండరు. రెండో, మూడో రౌండ్లలో తీసుకునే రన్నింగ్ బ్యాక్‌లకి కూడా అదే వారం సెలవైతే ఆ మ్యాచ్ వదులుకున్నట్టే.

మా ఫాంటసీ ప్లేఆఫ్స్ 15, 16, 17 వారాల్లో. నీకూ అంతేననుకుంటా. వాటిలో మొదటి రెండు వారాలూ కౌబాయ్స్ మ్యాచులు, మిన్నెసోటాతో, చార్జర్స్‌తో, ఆర్లింగ్టన్‌లోనే, కప్పు కింద, చలీ వానా గొడవ లేదు. 17వ వారం వాషింగ్టన్‌లో క్రిస్మస్ రోజు, అది గురువారం. థాంక్స్‌గివింగ్‌కి చీఫ్స్‌తో, ఆ తర్వాతి గురువారమే డెట్రాయిట్‌తో కూడా ఉన్నాయి. ఆదివారం కదా అని లైనప్ పెట్టడం మర్చిపోతే అంతే సంగతులు, ఫోన్‌లో అలారం పెట్టుకో.

ఫ్రిస్కో_కుర్రోడు

పద్మక్కా, అన్నలూ, చాలా చాలా థాంక్స్. నిన్న రాత్రి మావాడు పడుకున్నాక కూర్చుని ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నా. ఆరుకి ల్యాంబ్. 19కి కచ్చితంగా రన్నింగ్ బ్యాక్, జోష్ జేకబ్స్, చేస్ బ్రౌన్, కైరెన్ విలియమ్స్‌లలో ఎవరు మిగిలితే వాళ్లు, ముందు బై వీక్ చూసి. 30కి ఇంకో రన్నింగ్ బ్యాక్ లేదా రిసీవర్. 43కి పికెన్స్, కానీ అప్పటికే పోతే వెంటపడను. డాక్ 102కి ఉంటే సరే, లేకపోతే వేరే క్వార్టర్‌బ్యాక్. జావాంటే పేరు పక్కన నక్షత్రం పెట్టా.

ఒకటే అనుమానం మిగిలింది. ఫెర్గసన్‌తో జూలైలోనే నాలుగేళ్లకి 52 మిలియన్ల కాంట్రాక్ట్ చేశారు కదా. అంత డబ్బిచ్చారంటే టైట్ ఎండ్‌గా అతన్నే నమ్ముకోవచ్చా?

వైవర్_వైర్

చివరి రౌండ్లలో దొరికితే తీసుకో, అంతకు ముందొద్దు. అతను పట్టేవి దగ్గరి బంతులు, యార్డులు తక్కువ, క్యాచ్‌లు ఎక్కువ, అంటే పీపీఆర్‌కి పనికొస్తాడు. ల్యాంబ్, పికెన్స్ ఇద్దరూ డిఫెన్స్‌ని లోపలికి లాగితే మధ్యలో ఖాళీ అతనిదే. కానీ నీకప్పటికే ముగ్గురుంటే నాలుగోవాడు వద్దు.

కిక్కర్‌గా (బంతిని గోల్ స్తంభాల మధ్యకి తన్నేవాడిగా) మాత్రం బ్రాండన్ ఆబ్రీని పక్కవాడికి వదలకు. పోయిన ఏడాది 50 యార్డులు దాటినవి 14 కొట్టాడు, బాల్టిమోర్ మీద 65 యార్డుల నుంచి కూడా కొట్టాడు. మీ లీగ్‌లో దూరానికి ఎక్కువ పాయింట్లిస్తారో లేదో మీ బావని అడుగు. ఇస్తే మిగతావాళ్లు కిక్కర్లని తీసుకోవడం మొదలుపెట్టకముందే, ఒక రౌండ్ ముందుగా తీసుకున్నా తప్పులేదు.

గార్లండ్_గుంటూరు

మొదటి మ్యాచ్ సెప్టెంబర్ 4 గురువారం, మన టైమ్ రాత్రి 7:20కి, ఫిలడెల్ఫియాలో, సూపర్ బౌల్ గెలిచిన టీమ్ మీద. ఆ డిఫెన్స్ ముందు ల్యాంబ్‌కి 8 పాయింట్లొచ్చినా శుక్రవారం పొద్దున్నే ఎవడో ట్రేడ్ అడిగితే ఒప్పుకోకు తమ్ముడూ. రెండో వారం జెయింట్స్‌తో ఇక్కడే, ఆర్లింగ్టన్‌లో. మావాళ్లం నలుగురం వెళ్తున్నాం, మీవాణ్ణి కూడా తీసుకురా, జెర్సీ ఉతికినా ఉతక్కపోయినా.